బేత్లెహేము తాళంచెవి

కప్పుల అడుగున పేరుకున్న కాఫీ మడ్డిని వేలితో తోడి దానిమ్మ చెట్టు మొదట్లో వేస్తున్నాను. చావు ఇంట్లో కాఫీకి చక్కెర వెయ్యరు. కప్పులు చిన్నవే, రెండు గుక్కలకు అయిపోతాయి. ఆ రెండో గుక్క ఎవరూ ఇష్టంగా తాగరు, అలాగని వదిలేసీ లేవరు. అన్నయ్య వహీబ్ పోయిన దగ్గర్నుంచీ ఈ చెట్టు నీళ్ళకన్నా మడ్డే ఎక్కువ తాగింది. ఆకులు మాత్రం బాగానే ఉన్నాయి. చేదుకు అలవాటు పడిందేమో.

లోపల గదిలో నాన్న దగ్గర ఎగువ వీధి పెద్దమనుషులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. కిటికీ తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ వినిపిస్తున్నాయి. వినిపించకపోయినా నాకు తెలుసు. మొదట "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు" అంటారు. కాసేపు ఆగి "వహీబ్ ఇప్పుడు మనకన్నా మంచిచోట ఉన్నాడు" అంటారు. లేవబోయే ముందు "నువ్వు విశ్వాసంలో కొండలాంటివాడివి బిబావీ, నువ్వే ఇలా అయితే మేమేం కావాలి?" అంటారు. ఆ చివరి మాట వినపడగానే నేను చేతులు తుడుచుకుని వీధి తలుపు తియ్యడానికి లేస్తాను.

ఆ మాటలు అబద్ధాలు కావు. చర్చి తరఫున ఇల్లిల్లూ పలకరించడానికి వెళ్ళే ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. అవే మాటలు నేనూ ఎందరికో చెప్పాను, ఇప్పటికీ నమ్ముతాను. కాని ఒకే మందును ఊరంతా గ్లాసుల్లో పోసి తెస్తే తాగేవాడికి కడుపులో చోటెక్కడిది?

పెద్దమనుషులు వెళ్ళారు. నేను గదిలోకి వెళ్ళి కప్పులు తీశాను. నాన్న బల్ల మీద గోడకు ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడకు మేకు. మేకుకు తాళంచెవి.

అది బేత్లెహేము తాళంచెవి. మా చర్చి వెనక రొట్టెలు కాల్చే చిన్న గదిని అలాగే పిలుస్తాం. ఆ గదిలో మా తాత, ఆయన తరవాత నాన్న, పూజకు కావలసిన ఖుర్బాన్ రొట్టెలు చేశారు. అరచేతికి నిండుగా, గుండ్రంగా, పైన సిలువల ముద్ర, ముద్ర చుట్టూ పుల్లతో పొడిచిన అయిదు చిల్లులు. నాన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆ గదిలోకి వెళ్ళి, ఉపవాసంతో, కీర్తనలు చదువుతూ పిండి పిసికేవాడు. తెల్లారేసరికి రొట్టెలు బుట్టలో ఉండేవి. మచ్చలేని ఒక్కదాన్ని పూజ చేసే అబూనా ఏరి బలిపీఠం మీద పెట్టేవారు. పూజలో అదే ప్రభువు శరీరం అవుతుంది. మిగిలినవి దీవెనగా అందరికీ పంచేవారు. ముద్ర వంకరపోయినవీ అంచు చిట్లినవీ నాన్న తన రుమాల్లో కట్టుకుని మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళేవాడు.

కొండ దగ్గర రాతి గనిలో రంపం తీగ తడిసి అన్నయ్యకు కరెంటు కొట్టింది. ఒంటి నిండా తెల్లటి సున్నపు దుమ్ముతో తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. ఆ రోజు నుంచి నాన్న బేత్లెహేము గడప తొక్కలేదు. దర్జీ పని చేసే ఖిల్లా ఆయన బదులు రొట్టెలు చేస్తున్నాడు. సాయంత్రం వచ్చి తాళంచెవి తీసుకుంటాడు, పొద్దున తెచ్చి మేకుకు తగిలిస్తాడు. వచ్చినప్పుడల్లా "తీసుకోనా బాబాయ్?" అని అడుగుతాడు. నాన్న పలకడు. నేనే తీసి ఇస్తాను.

రేపు ఆదివారం, అన్నయ్య నలభయ్యో రోజు పూజ.

మళ్ళీ తలుపు కొట్టిన చప్పుడైంది. అబూనా బిసాదా. మా చర్చి గురువు. పొరుగూళ్ళో సమాధి దగ్గర ప్రార్థన చేసి నేరుగా వచ్చారట, నల్ల అంగీ అంచులు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఆయన కళ్ళు చూస్తే రెండు మూడు రోజులుగా నిద్ర ఉన్నట్టు లేదు.

"కాఫీ పెట్టకమ్మా ఇరినీ," అన్నారు చెయ్యి ఊపుతూ. "ఈ వారం తాగిన కాఫీకి నా గుండె గంటలా కొట్టుకుంటోంది. కాసిని నీళ్ళియ్యి చాలు."

నాన్న లేచి ఆయన చేతిలోని సిలువను ముద్దు పెట్టుకున్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. నేను నీళ్ళిచ్చి గుమ్మం పక్కన కప్పులు తుడుస్తూ నిలబడ్డాను.

"బిబావీ, రేపటి రొట్టె నువ్వే చెయ్యి అని అడగడానికి రాలేదు," అన్నారు అబూనా. "అడిగి అడిగి నాకే సిగ్గేస్తోంది. ఇంకో మాట చెప్పాలని వచ్చాను. ఖిల్లాను పాపం రోజూ ఇంటికీ చర్చికీ తిప్పుతున్నాం. రేపు పూజ అయ్యాక తాళంచెవి వాడి దగ్గరే ఉంచుదాం. ఏమంటావ్?"

"అలాగే అబూనా."

అంతే. బేరం లేదు, ఒక్క ప్రశ్న లేదు. నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. నాన్న ఏడ్చినన్నాళ్ళు నేను భయపడలేదు. తిండి మానేసినప్పుడు కూడా ఎండకు పొంగబెట్టి కాల్చిన రొట్టె మీద నల్లబెల్లం పాకం పోసి చిన్నపిల్లాడికి పెట్టినట్టు పెట్టాను, తిన్నాడు. ఇప్పుడు భయపడ్డాను. ఆయన పొద్దున లేచి మొదట చూసేది ఆ మేకునే. రాత్రి దీపం తీసేముందు చూసేదీ దాన్నే. అది ఖాళీ అయితే ఇక ఆయన ఈ బల్ల మీంచి లేవడని నాకు తెలుసు.

అబూనాకు కూడా ఆ జవాబు నచ్చలేదు. "ఇంత తేలిగ్గా ఇచ్చేస్తావా? మీ నాన్న చేతి తాళం అది. ఎందుకు రానంటున్నావో ఒక్కసారైనా చెప్పు. ఒంట్లో బాగోలేదా? జనం చూస్తారని సిగ్గా?"

నాన్న తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఆ పిండి ముట్టేవాడికి ఎవరితోనూ తగాదా ఉండకూడదని మా నాన్న నేర్పాడు," అన్నాడు. "ఉంటే ముందు వెళ్ళి సర్దుకుని రావాలి. ఒకసారి కాలవ నీళ్ళ దగ్గర జిర్జిస్‌తో మాటా మాటా వచ్చింది. పిండి కలిపే ముందు వాడింటికి వెళ్ళి తల మీద ముద్దు పెట్టి వచ్చాను. తప్పు వాడిదే అయినా."

"గుర్తుంది. జిర్జిస్ ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు."

"ఇప్పుడు నాకు మనుషులెవరితోనూ తగాదా లేదు అబూనా. పైవాడితో ఉంది. వెళ్ళి సర్దుకుందామంటే ఇల్లెక్కడ?"

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట అది. నాక్కూడా చెప్పలేదు. నేను కప్పు కింద పెట్టేశాను.

"పిసికేటప్పుడు కీర్తనలు చదవాలా," నాన్న మెల్లిగా కొనసాగించాడు, "మొదటిది మొదలుపెట్టగానే నాలుక తిరగదు. ఇంట్లో చదివి చూశాను. నువ్వు మంచివాడివి అని నోటితో అంటూ, లోపల వేరే అనుకుంటూ, ఆ చేతులతో ఆయన ఒంటిని పిసకనా? అది దొంగతనం. నా వల్ల కాదు."

అబూనా గడ్డం నిమురుకున్నారు. "ఇది మంచి ప్రశ్న బిబావీ. దీనికి... ఊరికే నోటికొచ్చింది చెప్పకూడదు. కాస్త ఆలోచించి చెప్తాను," అని గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

మేమిద్దరం ఆయన జవాబు కోసం ఎదురుచూశాం. బయట ఎవరిదో గాడిద ఓండ్ర పెట్టి ఆగింది. అబూనా నోరు కొద్దిగా తెరుచుకుంది. తరవాత చిన్న గురక మొదలైంది.

నాన్న నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. అప్పుడు నాన్న లేచాడు. తన వీపు వెనకున్న దిండు తీసి, పసిబిడ్డ తల ఎత్తినట్టు అబూనా తల ఎత్తి, కింద పెట్టాడు. ఆయన చేతిలోంచి జారుతున్న సిలువను తీసి కిటికీ మీద పెట్టాడు. ఈగలు వాలకుండా రుమాలుతో విసురుతూ పక్కన కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో నాన్న మరొకరి కోసం ఒక పని చెయ్యడం అదే మొదలు.

వీధి తలుపు ఈసారి ఎవరూ కొట్టలేదు, తోసుకుని వచ్చేశారు. అలా వచ్చేది ఊళ్ళో ఒక్కరే, వెనక సందు తఫీదా పిన్ని.

"పిల్లా, మీ నాన్న ఉన్నాడా, ఆయన కూడా పోయాడా?" అంది వాకిట్లోంచే.

"ష్, మెల్లిగా పిన్నీ! అబూనా పడుకున్నారు."

"పడుకున్నారా? ఓదార్చడానికి వచ్చి?" గుమ్మంలోంచి తొంగి చూసింది. "మంచిపని. నోరు మూసుకుని ఓదార్చేవాడు ఇన్నాళ్ళకు ఒకడొచ్చాడు."

ఆమె నల్ల ముసుగు సర్దుకుని నాన్నకు ఎదురుగా నేల మీదే కూర్చుంది. గుసగుసగా మాట్లాడడం ఆమెకు చేతకాదు. గొంతు తగ్గిస్తే ఆ మాటలు ఈల వేసినట్టు వస్తాయి. కొంగులోంచి చిన్న మూట తీసి, విప్పి, రొట్టె ముక్కను నాన్న ముందు పెట్టింది.

"తిను."

"ఏమిటిది?"

"నిన్నటి శుక్రవారం పూజ రొట్టె. ఖిల్లా చేతి చలవ. తిని చెప్పు."

నాన్న ఒక చిన్న తునక తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగిపోయింది.

"ఉప్పు!" అన్నాడు.

"ఉప్పా? సముద్రమే పోశాడు."

"ఈ రొట్టెకు ఉప్పు వేస్తారా ఎవరైనా? ఉప్పు ప్రభువే, మళ్ళీ మనం వెయ్యడమేమిటని వాడికి దగ్గర కూర్చోబెట్టి చెప్పాను కదా!"

"వాడు వెయ్యలేదయ్యా. పిండి చాలకపోతే వాళ్ళావిడ ఇంట్లో డబ్బా ఇచ్చింది. ఆ మహాతల్లి ఉప్పు ముందే కలిపి పెట్టుకుంటుందట, రోజూ వెయ్యడం బద్ధకమని. పొద్దున్నుంచీ ఇద్దరూ కొట్టుకుంటున్నారు, సందంతా వింటోంది."

"మరి బలిపీఠం మీద పెట్టింది...?"

"అది ఎలా ఉందో ఆయనకే తెలియాలి," అని తఫీదా పిన్ని గడ్డంతో అబూనా వైపు చూపించింది. "మాకు చెప్పలేదు. పూజ అయ్యాక కూజాడు నీళ్ళు తాగారు, అది మాత్రం అందరం చూశాం."

నాన్న భుజాలు ఒకసారి కదిలాయి. నవ్వో, ఇంకేమిటో నాకు తెలియలేదు. రుమాలు మళ్ళీ ఈగల మీదికి పోయింది.

తఫీదా పిన్ని భర్త సిధోమ్ కూడా గని మనిషే. బండ జారి నడుం మీద పడింది. నడకా మాటా రెండూ పోయాయి. నేను బడిలో చేరకముందు సంగతి అది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నాన్న ఆ ఇంటికి రుమాలు మూట తీసుకెళ్ళేవాడు. చిన్నప్పుడు నేనూ వెంట వెళ్ళేదాన్ని. నాన్న రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి సిధోమ్ బాబాయికి ఒక్కొక్కటే అందించేవాడు. అది అయ్యేదాకా కూర్చునేవాడు. ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. నాకు విసుగొచ్చి కోళ్ళ వెంట తిరిగేదాన్ని.

"నిన్న ఆయనకు అది పెట్టాను," అంది తఫీదా పిన్ని. "నోట్లో పెట్టుకుని నా వంక చూశాడు. ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. గోడ వైపు తిరిగాడు. అందుకే నీ దగ్గరికి తెచ్చాను. నిన్ను ఓదార్చడానికి రాలేదు నేను, అది చేతకాదు నాకు. మా ఆయనకు రొట్టె కావాలి, అంతే."

"నేను చెయ్యలేను తఫీదా."

"ఏం, చేతులు పడిపోయాయా?"

"చేతులు కాదు." నాన్న అబూనాకు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు, ఇంకా తక్కువ మాటల్లో. పైవాడితో తగాదా అన్నాడు. తగాదా పెట్టుకున్నవాడు ఆ పిండి ముట్టకూడదన్నాడు.

తఫీదా పిన్ని నేల మీద రాలిన రొట్టె పొడిని వేలితో పోగు చేసింది.

"నేను ఆయనతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు?" అంది.

"ఎవరితో?"

"ఎవరితోనేమిటి, నీ తగాదా ఎవరితోనో ఆయనతోనే."

"నువ్వా? ఒక్క ఆదివారం మానవు కదా."

"మానను. వస్తాను, కూర్చుంటాను, లేస్తాను. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకుండా ఒక్క ఇంట్లో కాపురం చెయ్యరా? అన్నం పెట్టుకోరా? అలాగే." ఆమె తన అరచేతిలో గీతలు చూసుకుంటూ చెప్పింది. "సిధోమ్ మంచాన పడ్డ కొత్తలో ఊరంతా వచ్చింది మా ఇంటికి. ఓర్చుకో తఫీదా, ఇది పరీక్ష తఫీదా. పెరట్లోకి వెళ్ళి గేదె మెడ పట్టుకుని అరిచేదాన్ని. నువ్వొక్కడివే నోరు తెరిచేవాడివి కాదు. రొట్టె పెట్టి, కూర్చుని, వెళ్ళిపోయేవాడివి. ఒక్కసారి ఓర్చుకో అని ఉంటే ఆ రొట్టె నీ మొహానే కొట్టేదాన్ని."

"నాకు మాటలు రావు. అందుకని."

"రాకపోబట్టే బతికాను. వింటున్నావా? ఆ రొట్టె నేను ప్రేమగా తినలేదు బిబావీ. పళ్ళు కొరుకుతూ తిన్నాను. నువ్వెవరివి నాకు పెట్టడానికి అని ఆ పైవాణ్నే తిట్టుకుంటూ తిన్నాను. తిని లేచి మా ఆయన పక్క బట్టలు ఉతికేదాన్ని. కోపంగా తిన్నదానికే ఒంట పట్టింది. కోపంగా పిసికితే పొంగదా?"

నాన్న చేతిలో రుమాలు ఆగింది.

"కీర్తనలు చదవాలి తఫీదా. స్తోత్రం చెయ్యాలి."

"అన్నీ స్తోత్రాలేనా అందులో? నాకు చదువు రాదు కాని చెవులున్నాయి. ఎక్కడికి పోయావు, ఎందుకు వదిలేశావు, ఎన్నాళ్ళు ఇలాగ అని అడిగేవి లేవూ? రాత్రుళ్ళు నువ్వు ఆ రొట్టెల గదిలో చదువుతుంటే గోడ అవతల నేను విన్నవే. మంచివాడివి అని నోరు రాకపోతే అనకు. అవే చదువు. తెల్లారేదాకా అవే చదువు. ఎవరొద్దన్నారు నిన్ను?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి, "అమ్మా నా నడుం," అంటూ లేచింది. ఉప్పు రొట్టె మూట కట్టి కొంగులో పెట్టుకుంది. "దీవెన రొట్టె పారెయ్యకూడదుగా. నేనే తింటాను. దాహంతో చస్తే నా నలభయ్యోనాడు కూడా ఖిల్లా చేతే చేయించండి."

ఆమె వాకిలి దాటుతుండగానే చర్చి గంట మోగింది. అబూనా ఉలిక్కిపడి లేచారు. సాయంత్రం ప్రార్థనకు గంట.

"ఎంతసేపయింది నేను... అయ్యో, బిబావీ, నువ్వేదో అడిగావు. నేను చెప్తానన్నాను."

"పర్లేదు అబూనా. అలిసిపోయారు."

ఆయన తల కింద పెట్టిన దిండును చూశారు, నాన్న చేతిలో రుమాలు చూశారు. నాన్న తల మీద చెయ్యి పెట్టారు. తరవాత కిటికీ మీది సిలువ తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, "ప్రార్థన అయ్యాక తాళంచెవికి ఖిల్లా వస్తాడమ్మా," అని నాతో చెప్పి వెళ్ళిపోయారు.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను రేపటి కోసం ఖర్జూరాలు ఏరడం మొదలుపెట్టాను. పూజ నుంచి వచ్చేవాళ్ళకు కాఫీతో పాటు పెట్టాలి. మళ్ళీ కప్పులు, మళ్ళీ మడ్డి. నా వీపు నొప్పిగా ఉంది. నాన్నకు ఏదైనా చెప్పాలనిపించింది. పలకరింపులకు వెళ్ళేటప్పుడు నేర్చుకున్న వాక్యాలన్నీ ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి, తఫీదా పిన్ని మొహం గుర్తొచ్చి, వెనక్కి పోయాయి. ఖర్జూరాలు ఏరుతూనే ఉన్నాను. నాన్న మేకు వంక చూస్తూనే ఉన్నాడు. చర్చి నుంచి పాట గాలికి వచ్చీ రానట్టు వినిపించి ఆగిపోయింది.

అప్పుడు నాన్న లేచి పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. కిటికీలోంచి చూశాను. తొట్టి దగ్గర వంగి, పొడుగాటి గలాబియా అంగీ చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా సబ్బు రాసుకుంటున్నాడు. గోళ్ళ కింద పుల్లతో గీకుతున్నాడు. మణికట్టు మీద చిన్నప్పుడు పొడిచిన సిలువ పచ్చబొట్టు నీళ్ళకు నల్లగా తేలింది.

తువ్వాలు తీసుకెళ్ళి ఇవ్వాలా వద్దా అనుకున్నాను. కదిలితే ఏమవుతుందోనని కదలలేదు.

సందులో ఖిల్లా దగ్గు వినిపించింది. అతను గుమ్మం బయటే ఆగాడు. రోజూ లోపలికి వచ్చేవాడు, ఈ రోజు గడప కూడా ఎక్కలేదు.

"ఇరినీ," అన్నాడు తగ్గు గొంతుతో. "ఉప్పు సంగతి బాబాయికి తెలిసిందా?"

"తెలిసింది."

"అయిపోయింది నా పని. ఈ రోజు పిండి కొత్త బస్తా తెచ్చాను, నేనే నాలిక మీద వేసి చూశాను, ఒట్టు. తాళంచెవి ఇలా ఇచ్చెయ్ తల్లీ, ఆయన చూడకుండా పోతాను."

నేను మేకు వైపు చెయ్యి చాపాను. నా చేతికన్నా ముందు తడి చెయ్యి ఒకటి వచ్చింది. సబ్బు వాసన వచ్చింది. తాళంచెవి మేకు మీంచి లేచింది.

"నాన్నా," అన్నాను.

ఆయన నా వంక చూడలేదు. పెట్టెలోంచి రొట్టెలు చేసేటప్పుడు వేసుకునే తెల్లటి అంగీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో శాంతి లాంటిదేమీ కనిపించలేదు. దవడలు బిగిసి ఉన్నాయి. కాలవ నీళ్ళ కోసం జిర్జిస్ మీదికి వెళ్ళిన రోజు ఎలా నడిచాడో అలాగే నడుస్తున్నాడు. గుమ్మంలో ఖిల్లా "బాబాయ్, నేను..." అంటూ పక్కకు తప్పుకున్నాడు. నాన్న అతన్ని దాటి, గడప దాటి, చర్చి వైపు వెళ్ళిపోయాడు.